ఐరోపా పోలీసు వాహనాలపై నీలి దీపం

రాత్రివేళ దూరంనుండి వచ్చే వాహనాన్ని మనం ముందుగా దాని దీపాన్ని బట్టియే గుర్తిస్తాము. ఆ వాహనం పోలీసులదైనచో దాని దీపం కేవలం వెలుగు కాదు; దారి విడువుమనే ఆజ్ఞ. అట్టి దీపం ఏ రంగుది కావలెను, ఎంత ప్రకాశించవలెను, ఎప్పుడు వెలగవలెను అను ప్రశ్నలకు ఐరోపా దేశాలు చెప్పుకొన్న సమాధానాలను ఈ వ్యాసంలో పరిశీలించదలచినాము.

మొదటిది రంగు. ఎరుపు రంగు వాహనాల వెనుక దీపాలకు, బ్రేకు దీపాలకు, కూడలిలోని సిగ్నలుకు చెందినది. నారింజ పసుపు రంగు రోడ్డు పనుల బండ్లకు, చెడిపోయిన కార్లను లాగుకొనిపోయే బండ్లకు వాడుకలో ఉన్నది. ఇతరులెవ్వరూ వాడని రంగైతేనే చూచినవాడు పొరబడడు. జర్మనీలో నీలి రంగు 1938లోనే నిర్ణయమైనది. యుద్ధభయంచేత దీపాలు ఆకాశంలోని విమానాలకు కనబడకుండ చేయుటయే అందుకు కారణమని సాధారణంగా చెబుతారు.

యుద్ధం ముగిసినను నీలం నిలిచినది. మన కంటి స్వభావం కూడ దీనికి అనుకూలంగా ఉన్నది. పగటి వెలుగులో కన్ను 555 నానోమీటర్ల పసుపుపచ్చని కాంతిని ఎక్కువగా గ్రహిస్తుంది. చీకటికి అలవాటుపడిన కన్ను 507 నానోమీటర్ల నీలిపచ్చని కాంతివైపు మొగ్గుతుంది. చెక్ శాస్త్రజ్ఞుడు పుర్కిన్యే గమనించిన ఈ మార్పు ఆయన పేరుతోనే ప్రసిద్ధమైనది. కావున రాత్రివేళ నీలం ప్రస్ఫుటంగా కనిపిస్తుంది. పగలు మాత్రం దానికి అధిక తీవ్రత కావలసి ఉంటుంది.

రెండవది ప్రకాశం. ఎంత ఎక్కువ వెలుగుంటే అంత క్షేమమని తోచవచ్చును. అది సరికాదు. దూరపు వర్గానికి విలోమానుపాతంలో కాంతి తగ్గుతుందని మనం తరగతిలో చదువుకొన్నాము. 200 మీటర్ల దూరంలోని డ్రైవరు కంటికి చేరే కాంతికంటె, 10 మీటర్ల దూరంలో నిలిచినవానికి 400 రెట్లు అధికంగా చేరుతుంది. ప్రమాదస్థలంలో రోడ్డుపై నిలిచి పనిచేసే పోలీసు, గాయపడినవానిని మోసే మనిషి ఆ వెలుగుకు కళ్లు బైర్లుకమ్మి ఇబ్బందిపడతారు. అంతేకాదు, సమీపించే డ్రైవరుకు దీపమే కనిపించి దాని పక్కనున్న మనిషి కనిపించకపోవచ్చును. రక్షించవలసిన దీపమే ప్రాణం తీయగలదు.

ఈ చిక్కును తీర్చుటకు ఐక్యరాజ్యసమితి ఐరోపా ఆర్థిక సంఘంవారి 65వ నిబంధన 1986లో అమలులోకి వచ్చినది. దాని ప్రకారం హెచ్చరిక దీపం సెకనుకు రెండింటికి తక్కువ కాకుండ, నాలుగింటికి మించకుండ మెరవవలెను. ఒకే తీవ్రతగల దీపాలు మొదటి తరగతి. పగటికొకటి, రాత్రికొకటిగా రెండు తీవ్రతలు గలవి రెండవ తరగతి. పూర్వం బల్బు వెలుగుతూనే ఉండగా దాని చుట్టూ అద్దం తిరిగేది. నేడు ఎల్‌.ఇ.డి. దీపాలు తక్కువ విద్యుత్తుతో, తిరిగే భాగాలు లేకుండనే ఆ పని చేస్తున్నవి.

మూడవది చట్టం. 1968 నాటి వియన్నా రహదారి ఒడంబడిక 34వ అధికరణం ప్రకారం, వెలుగుతోను ధ్వనితోను హెచ్చరిస్తూ వచ్చే వాహనానికి అందరూ దారి ఇవ్వవలెను, అవసరమైతే ఆగవలెను. జర్మనీలో నీలి దీపం, హారను రెండూ కలిసినప్పుడే తక్షణం దారి విడువుమనే ఆజ్ఞ అవుతుంది. దీపం ఒక్కటే వెలిగితే అది హెచ్చరిక మాత్రమే. బ్రిటనులో అత్యవసరంగా పోవు పోలీసు వాహనం ఎర్ర సిగ్నలును దాటవచ్చును. కాని ఇతరులకు అపాయం కలుగకుండ, వారికి దారి ఇచ్చియే దాటవలెను. వియన్నా ఒడంబడిక కూడ ఇతరులకు ప్రమాదం కలిగించరాదనే షరతుపైననే ఇట్టి మినహాయింపునిచ్చినది.

దీనినిబట్టి మనం గ్రహించవలసినది ఒక్కటే. నీలి దీపం అధికారానికి అలంకారం కాదు. గంటకు 100 కిలోమీటర్ల వేగంతో పోవు వాహనం సెకనుకు సుమారు 28 మీటర్లు సాగుతుంది. ఆ ఒక్క సెకను ముందుగా ఎదుటివానికి విషయం తెలియజేయుటకే ఆ దీపమున్నది. చూచినవాడు అర్థం చేసుకొన్నప్పుడు, వెలిగించినవాడు జాగ్రత్త వహించినప్పుడు మాత్రమే దాని ప్రయోజనం నెరవేరుతుంది.