రెండు గేజీల సాక్ష్యం: కారు ఎ.సి.లో పీడన దోషాలు

వేసవి వచ్చిందంటే చాలు, కార్లున్న వాళ్ల నోట ఒకటే మాట: "కూలింగ్ రావటం లేదు, గ్యాస్ కొట్టించాలి." జ్వరం అనగానే నాడి అయినా చూడకుండా సూది పొడిచే వైద్యం లాంటిది ఇది. ఎ.సి.లోని గ్యాస్ పెట్రోలులాగా ఖర్చయ్యే వస్తువు కాదు. మూసి ఉన్న గొట్టాల్లో అదే గ్యాస్ ఏళ్ల తరబడి తిరుగుతుండాలి. తగ్గిందంటే ఎక్కడో కారుతున్నట్లు. తగ్గకుండానే చల్లదనం పోయిందంటే జబ్బు వేరే ఉన్నట్లు. ఈ తేడా కనిపెట్టే పద్ధతిని నేను వేసవి సెలవుల్లో చాదర్‌ఘాట్‌లోని ఒక వర్క్‌షాపులో నేర్చుకున్నాను. క్లాసులో చదివే థర్మోడైనమిక్స్‌కూ, ఉస్తాద్ చేతిలోని గేజీలకూ ఉన్న చుట్టరికాన్ని సోదర విద్యార్థులకు చెప్పాలన్నదే ఈ వ్యాసం ఉద్దేశం.

చాదర్‌ఘాట్ పేరులోనే మొదటి పాఠం ఉంది. చాదర్ అంటే దుప్పటి. ఒకప్పుడు ఇక్కడ మూసీకి అడ్డంగా కట్టిన ఆనకట్ట మీదుగా నీరు దుప్పటి పరిచినట్లు జారేది కనుక ఆ పేరు వచ్చిందంటారు. కట్టకు ఎగువన నీటిమట్టం ఎక్కువ, దిగువన తక్కువ. కారు ఎ.సి.లో ఆ కట్ట పేరు ఎక్స్‌పాన్షన్ వాల్వు. దానికి ముందు పీడనం ఎక్కువ, తర్వాత తక్కువ. అయితే నది నీరు వెనక్కి పోదు. ఇక్కడ మాత్రం కంప్రెసరు గ్యాసును లాగి మళ్లీ ఎగువకు నెడుతుంది.

పీడనం మారితే ద్రవం మరిగే ఉష్ణోగ్రత మారుతుంది. ప్రెషర్ కుక్కర్‌లో నీరు 100 డిగ్రీలు దాటితే గాని మరగదు గదా! చాలా కార్లలో వాడే ఆర్-134ఎ మామూలు గాలి పీడనంలో సున్నాకు 26 డిగ్రీల కిందనే మరుగుతుంది. గేజీ మీద 28 పౌండ్ల దగ్గర సున్నా డిగ్రీల్లోనూ, 175 పౌండ్ల దగ్గర సుమారు 50 డిగ్రీల్లోనూ మరుగుతుంది. (పౌండ్లంటే చదరపు అంగుళానికి అని అర్థం.) కనుక గేజీ మీద ముల్లు చూపేది పీడనమే అయినా, తెలిసినవాడికి అది ఉష్ణోగ్రతను కూడా చెబుతుందన్నమాట.

ముందుగా ఇంజను ఆపి చూడాలి. అప్పుడు నీలం, ఎరుపు గేజీలు రెండూ ఒకే అంకె చూపుతాయి. బయట 30 డిగ్రీలుంటే అది 95-100 పౌండ్లుండాలి. బాగా తక్కువైతే గ్యాస్ దాదాపు ఖాళీ. బాగా ఎక్కువైతే లోపల గాలి చేరిందని అనుమానించాలి. సరిగ్గా ఉంటే? గ్యాస్ నిండుగా ఉందని మాత్రం అనుకోకూడదు. కొంచెం ద్రవం మిగిలి ఉన్నా ముల్లు అక్కడే నిలుస్తుంది.

తర్వాత ఇంజను నడిపించి చూడాలి. మన ఎండల్లో నీలం గేజీ 30-45, ఎర్ర గేజీ 200-250 పౌండ్ల మధ్య ఉంటే సాధారణంగా ఆరోగ్యమే. దోషాలు ముఖ్యంగా ఇవి:

1. రెండూ తక్కువ: గ్యాస్ కారిపోయింది. జాయింట్ల దగ్గర నూనె మరక వెతకండి. కంప్రెసరుకు నూనె అందేది గ్యాసుతోనే. అలాగే నడిపితే అదీ అరుగుతుంది.

2. రెండూ ఎక్కువ: గ్యాస్ మితిమీరింది, లేదా కండెన్సరుకు గాలి ఆడటం లేదు, లేదా లోపల గాలి చేరింది.

3. నీలం ఎక్కువ, ఎరుపు తక్కువ: కంప్రెసరు నీరసించింది.

4. నీలం సున్నాకు దిగువకు జారటం: దారిలో అడ్డు. వాల్వు గానీ డ్రయ్యరు గానీ మూసుకుపోయింది. కాసేపు చల్లబడి, కాసేపు ఆగి, మళ్లీ చల్లబడితే లోపలి తేమ వాల్వు దగ్గర మంచు కడుతున్నట్లు.

ఒక టాక్సీ డ్రైవరు అనుభవం చెబుతాను. వేరేచోట ఒకే వేసవిలో మూడుసార్లు గ్యాస్ ఎక్కించుకున్నాడు. "రోడ్డు మీద ఉరికితే చల్లగుంటది, సిగ్నల్ కాడ ఆగితే వేడిగాలి. నెల దినాల కిరాయి దీనికే పోయింది ఉస్తాద్" అన్నాడు. గేజీలు పెడితే నీలం 60, ఎరుపు 300 దాటింది. ఉస్తాద్ బకెట్‌తో కండెన్సరు మీద నీళ్లు చల్లాడు. ఎర్ర ముల్లు చకచకా దిగింది. "అన్నా, గ్యాస్ తక్కువ గాలేదు, ఎక్కువైంది. ఫ్యాను తిరుగుతలేదు చూడు" అన్నాడు. బండి పరుగెత్తేటప్పుడు ఎదురుగాలే ఫ్యాను పని చేసింది. ఆగినప్పుడు ఆ గాలి లేదు. ఫ్యాను మోటారు మార్చి, ఉన్న గ్యాసంతా యంత్రంతో సిలిండరులోకి తీసి, వ్యాక్యూమ్ చేసి, బానెట్ కింద చీటీలో రాసిన గ్రాముల లెక్కన తూచి నింపారు. డ్రైవరు చెప్పిన "సిగ్నల్ కాడ" అన్న మాటలోనే సగం రోగనిర్ణయం ఉంది. అందుకే గేజీకన్నా ముందు మనిషిని అడగాలి.

గ్యాసును తీసి దాచటంలో మరో ధర్మం ఉంది. పాత కార్లలో వాడిన ఆర్-12 ఓజోను పొరను తినేసేది. 1987 నాటి మాంట్రియల్ ఒడంబడికలో మన దేశం 1992లో చేరింది. దాని స్థానంలో వచ్చిన ఆర్-134ఎ ఓజోనును ముట్టదు గాని, భూమిని వేడెక్కించటంలో బొగ్గుపులుసు వాయువుకు వెయ్యి రెట్లు మించినది. కారే చోటు వెతక్కుండా నింపిన ప్రతి గ్రామూ చివరికి మన నెత్తిమీది గాలిలోకే పోతుంది.

చివరగా రెండు హెచ్చరికలు. కళ్లద్దాలు, చేతి తొడుగులు లేకుండా గొట్టాలు విప్పవద్దు. ద్రవం తగిలితే చర్మం గడ్డకడుతుంది. ఇంజను నడుస్తుండగా గ్యాస్ నింపేటప్పుడు ఎర్ర వాల్వు తెరవవద్దు, డబ్బా పేలగలదు.

గేజీల జత పెద్ద ఖరీదైనదేమీ కాదు. ఒక ముల్లును చూసి తీర్పు చెప్పకుండా, రెంటినీ, ఆనాటి ఎండనూ కలిపి చదవటం అలవాటైతే, కిరాయి మీద బతికే ఒక మనిషి నెల సంపాదన నిలుస్తుంది. మనం చదివిన చదువుకు అంతకన్నా మంచి పరీక్ష ఏముంటుంది?