విటమిన్ ఇ గుళికలు: ఇవి కూడా మందులే

మందుల దుకాణంలో వైద్యుని చీటీ లేకుండానే అడిగిన వారికి దొరికే వాటిలో విటమిన్ ఇ గుళిక ఒకటి. జుట్టు రాలుతున్నదని ఒకరు, చర్మం పొడిబారిందని ఇంకొకరు, రాత్రివేళ పిక్కలు పట్టుకుంటున్నవని వయసు మీరినవారు దీనిని కొని నెలల తరబడి వాడుతుంటారు. ఇంటిలో దీనికి ‘బలం మాత్ర’ అని పేరు. చిక్కంతా ఆ పేరులోనే ఉన్నది. ఆసుపత్రిలో వైద్యుడు ఏయే మందులు వాడుతున్నారని అడిగినప్పుడు రక్తపోటు మాత్రను, షుగరు మాత్రను చెప్పినవారు బలం మాత్రను చెప్పరు. ప్రశ్న కన్నడంలోనో, తమిళంలోనో, మరాఠీలోనో వచ్చినప్పుడు సమాధానం మరింత కురచ అవుతుంది.

విటమిన్ ఇ ని 1922లో అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో హెర్బర్ట్ ఎవాన్స్, కేథరిన్ బిషప్ ఎలుకల ఆహారంపై చేసిన ప్రయోగాలలో కనుగొన్నారు. కణాల పైపొరలోని కొవ్వు చెడిపోకుండా కాపాడుట దీని పని. అమెరికా ప్రమాణం ప్రకారం పెద్దలకు రోజుకు 15 మిల్లీగ్రాములు చాలును. ఒక పెద్ద చెంచాడు పొద్దుతిరుగుడు నూనెలోనే సుమారు 5 మిల్లీగ్రాములు ఉంటుంది. వేరుశనగ, బాదం, ఆకుకూరలు మిగిలిన దానిని కొంత పూరిస్తాయి. కొవ్వును జీర్ణించుకోలేని దీర్ఘవ్యాధులు గలవారిలో తప్ప దీని లోపం అరుదు.

గుళిక సంగతి వేరు. పెట్టెపై 400 అని ఉన్నప్పుడు అవి యూనిట్లా, మిల్లీగ్రాములా అని చూడవలెను. 400 యూనిట్లు అంటే కృత్రిమ రూపంలో 180, సహజ రూపంలో సుమారు 268 మిల్లీగ్రాములు. తక్కువ లెక్క తీసుకున్నా అది దినావసరానికి పన్నెండు రెట్లు. ఇది కొవ్వులో కరిగే విటమిను గనుక శరీరంలోని కొవ్వులో నిలువ ఉంటుంది.

అధిక మోతాదు రక్తం గడ్డకట్టే శక్తిని తగ్గించగలదు. గుండెజబ్బుకో, పక్షవాతం వచ్చిన తరువాతనో వార్‌ఫరిన్, క్లోపిడోగ్రెల్, ఆస్పిరిన్ వంటివి వాడుతున్నవారు ఈ గుళికను కూడా చేర్చుకుంటే రక్తస్రావపు ముప్పు పెరుగుతుంది. చిగుళ్ల నుండి నెత్తురు, కారణం లేకుండా కమిలిన మచ్చలు, నల్లని మలం కనిపిస్తే ఆలస్యం చేయరాదు. అట్లని గుండె మాత్రను సొంతంగా మానరాదు. అది ఇంకా పెద్ద ప్రమాదం. శస్త్రచికిత్సకు గాని, పన్ను తీయించుకొనుటకు గాని వెళ్లేవారు గుళిక సంగతి ముందుగానే తెలపవలెను.

రోజూ 400 యూనిట్లు పుచ్చుకుంటే పురుషులకు ప్రోస్టేట్ క్యాన్సరు తగ్గునేమో అని అమెరికా, కెనడాలలో 35,000 మందికి పైగా పురుషులతో పరీక్షించారు. 2011లో వెల్లడైన ఫలితం అందుకు విరుద్ధం: ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవారికంటే వీరిలో ఆ క్యాన్సరు 17 శాతం ఎక్కువగా కనిపించింది. అమెరికాలో పెద్దలకు పెట్టిన గరిష్ఠ పరిమితి 1000 మిల్లీగ్రాములు, ఐరోపాలో 300. ఆ పరీక్షలోని మోతాదు అమెరికా పరిమితికి లోబడినదే అన్నది గమనింపదగిన విషయం.

కాలేయానికి కొవ్వు పట్టిన కొందరికి వైద్యులే పెద్ద మోతాదు రాస్తారు. వారు దానిని మానవలసిన పని లేదు. వారి చీటీని చూసి పొరుగువారు కొనుక్కొనుట మాత్రం తగదు.

ఆసుపత్రికి వెళ్లేటప్పుడు ఇంట్లో వాడే మాత్రల పెట్టెలన్నీ ఒక సంచిలో వేసి తీసుకొని వెళ్లవలెను. స్థానిక భాష రాకపోయినా పెట్టెపై ఉన్న పేరును, మోతాదును వైద్యుడు చదువుకోగలడు.