సోడియం తగ్గిందంటే ఉప్పు తగ్గినట్టేనా?

ప్రశ్న: మా అమ్మకు 72 ఏళ్లు. బీపీకి మాత్ర వాడుతోంది. నెల రోజులుగా నీరసం, వికారం. అన్నం సహించడం లేదని రెండు పూటలా రాగిజావే తాగుతోంది. మొన్న పెరట్లో తూలి పడబోయింది. పరీక్షలో సోడియం 124 వచ్చింది. క్రియాటినిన్ 0.8, కిడ్నీలు బాగున్నాయన్నారు. ఎండలు కదా అని రోజుకు నాలుగు లీటర్ల నీళ్లు తాగిస్తున్నాం. ఇప్పుడు జావలో ఉప్పు పెంచి, కొబ్బరినీళ్లు కూడా ఇస్తున్నాం. సరిపోతుందా?
- ఓ పాఠకురాలు, తెనాలి

జవాబు: ఈ పాటికి అమ్మగారిని ఆస్పత్రికి తీసుకెళ్లే ఉంటారనుకుంటాను. లేకపోతే ఈ రోజే వెళ్లండి. ఉండాల్సింది 135 నుంచి 145. 124 ఉండి, మనిషి తూలుతోందంటే ఇంట్లో చూసుకునే సంగతి కాదు.

కొబ్బరిబోండాలు ఆపండి. వాటిలో సోడియం కొద్దిగా, పొటాషియం దండిగా ఉంటుంది. కొన్ని బీపీ మాత్రలతో కలిస్తే పొటాషియం పెరిగి అదో తంటా. ఉప్పు కూడా మీ అంతట మీరు పెంచకండి.

చారు చప్పగా ఉందంటే ఉప్పు తక్కువ వేసి ఉండొచ్చు, నీళ్లు ఎక్కువ పోసి ఉండొచ్చు. పెద్దవాళ్లలో నేను తరచూ చూసేది రెండోదే. సోడియం రిపోర్టు చెప్పేది ఉప్పు మొత్తం ఎంతో కాదు, నీటికీ ఉప్పుకీ ఉన్న పాళ్లు.

కిడ్నీలు బాగుంటే ఇలా ఎందుకైంది? అవి రోజుకు సుమారు 180 లీటర్లు వడగట్టి, దాదాపు అంతా తిరిగి రక్తంలోకి పంపేసి, లీటరున్నరో రెండో మూత్రంగా వదులుతాయి. క్రియాటినిన్ చెప్పేది ఈ వడపోత గురించే. చివర్లో ఎంత నీరు వదలాలో తేల్చేది మెదడు పంపే ఏడీహెచ్ అనే హార్మోను. మీ కాలువల మీద లస్కరు ఉంటాడు చూడండి, అలాంటిదన్నమాట. అది గట్టిగా పనిచేస్తే నీరు లోపలే ఉండిపోతుంది, రక్తం పలచబడుతుంది.

ఇప్పుడు అమ్మగారి మాత్ర స్ట్రిప్పు వెలుతురులో చూడండి. పేరు చివర హెచ్ అనే అక్షరం ఉంటే సాధారణంగా అందులో హైడ్రోక్లోరోథయజైడ్ కలిసిందని అర్థం. ఇది ఉప్పును బయటికి పంపుతుంది, మూత్రాన్ని పలచగా చేసే శక్తిని దెబ్బతీస్తుంది. పైగా నాలుగు లీటర్లు పోస్తున్నారాయె! ఆ మాత్ర మార్చాలా అని డాక్టరును నేరుగా అడగండి.

ఇక జావ. కిడ్నీ వట్టి నీళ్లను వదలలేదు. ఉప్పు, మాంసకృత్తుల నుంచి పుట్టే యూరియా లాంటివి కొంతైనా తోడుంటేనే నీరు బయటికి పోతుంది. పప్పు, పెరుగు, గుడ్డు మానేసి జావతో సరిపెడితే ఎక్కువైన నీటికి దారి మూసుకుపోతుంది.

ఒక మాట ముందే చెప్తున్నాను. ఆస్పత్రిలో ‘నంబరు ఇంకా పెరగలేదేం’ అని తొందర పెట్టకండి. చాలా రోజులుగా తగ్గి ఉన్న సోడియంను 24 గంటల్లో 8 మించకుండా పెంచడమే క్షేమం. గబగబా పెంచితే మెదడులోని నరాల పొర దెబ్బతిని, మాట, నడక పోయే ప్రమాదం ఉంది.

ప్రశ్న: నాన్నకు న్యుమోనియా వచ్చి తగ్గింది. సోడియం 130. నీళ్లు రోజుకు లీటరే ఇమ్మన్నారు. ఈ ఎండల్లో ఎలా? ఓఆర్‌ఎస్ ఇవ్వొచ్చా?
- కరీంనగర్ నుంచి ఒకరు

జవాబు: న్యుమోనియాలో ఏడీహెచ్ అవసరం లేకున్నా ఊరుతుంది. అందుకే ఆ కట్టడి. ఓఆర్‌ఎస్ విరేచనాలకు మందు, లీటరులో సోడియం 75 మాత్రమే. మీ నాన్నకు అది కూడా నీళ్ల లెక్కే. పొద్దున్నే లీటరు సీసా నింపి పెట్టండి. టీ, మజ్జిగ, చారు ఏది ఇచ్చినా అంత నీరు సీసాలోంచి పారబోయండి. నోరెండితే పుక్కిలించి ఉమ్మేయమనండి. వాంతులు, విరేచనాలు పట్టుకున్నా, చెమటలు ధారగా కారినా ఈ లెక్క మారుతుంది, ఫోన్ చేసి అడగండి.

ఇద్దరికీ: మతి తప్పి మాట్లాడినా, ఫిట్స్ వచ్చినా నిమిషం ఆగొద్దు. వెళ్లేటప్పుడు రిపోర్టుతో పాటు ఇంట్లో వాడే మాత్రల స్ట్రిప్పులన్నీ, నిద్రకు, దిగులుకు వేసుకునేవి సహా, ఒక సంచిలో వేసుకుని వెళ్లండి.