గోడ దిగువ హీటరు, గోడమీది థర్మోస్టాటు

సెప్టెంబరు దాటి మేపుల్ చెట్లు ఎఱ్ఱబాఱుటయే తడవుగా, మాంట్రియల్ నగరమునకు క్రొత్తగా వచ్చిన మన తెలుగువారు గోడకున్న పాత చక్రపు థర్మోస్టాటును పెఱికి, దాని స్థానమున వేళలు అమర్చుకొనదగిన క్రొత్తదానిని తగిలింపవలెనని ఉబలాటపడుదురు. ఉబలాటము మంచిదే. కాని నేను చేసిన తెలివితక్కువ పనులనే వీరును ఏటేట వరుస తప్పక చేయుచుండగా చూచి ఊరకుండుట నావలన కాకున్నది.

సులభమైన సంగతులను ముందే ముగించెదను. లోహపు పట్టీ వంగుటచే పనిచేయు పాతరకము రెండు మూడు డిగ్రీల మేర ఊగులాడును, ఎలక్ట్రానిక్ రకము అర డిగ్రీలో నిలుపును, రెండవదియే కొనుడు. రాత్రికి మూడు డిగ్రీలు తగ్గించి, మేల్కొనుటకు గంట ముందు పెంచుకొనుడు. వై-ఫై సదుపాయము ఊరూర తిరుగువారికి ఉపయోగము, ఇంటిపట్టున నుండువారికి అలంకారము.

చలికి వణకుచు వచ్చి 30కి త్రిప్పినంతమాత్రమున గది త్వరగా వేడెక్కదు. మన ఫ్యాను రెగ్యులేటరునకు అలవాటుపడిన చేయి ఎంత త్రిప్పిన అంత వేగమని భ్రమపడును. థర్మోస్టాటు వేగమును నిర్ణయింపదు, ఎచ్చట ఆగవలెనో మాత్రమే చెప్పును. 1500 వాట్ల హీటరు మండుచున్నంతసేపు గంటకు ఒకటిన్నర యూనిట్లే త్రాగును. 30 కోరినవాని హీటరు ఆగదు, అంతియే భేదము. విద్యుత్తు నిచ్చు హైడ్రో-క్యూబెక్ వారి సాధారణ గృహధరలో దినమునకు 40 యూనిట్ల వఱకు ఒక ధర, ఆపైన హెచ్చు ధర. అట్టి హీటర్లు నాలుగు విరామము లేక మండినచో ఆ 40 యూనిట్లు ఏడు గంటలలోపే హరించుకొనిపోవును. బిల్లు వచ్చిన పిదప ప్రభుత్వమును తిట్టి ప్రయోజనము లేదు.

ఇక అసలు సంగతి. అంగళ్లలో కన్నులపండువుగా పేర్చియుంచు థర్మోస్టాట్లలో, ప్రకటనలకెక్కి పేరొందినవి చాలవఱకు 24 వోల్టులవి. గ్యాసు కొలిమి నుండి గొట్టముల ద్వారా వేడిగాలిని పంపు ఇండ్లకై చేయబడినవి. గోడ దిగువనుండు మన బేస్‌బోర్డు హీటరును నడుపునది 240 వోల్టులు, ఆ ప్రవాహమంతయు థర్మోస్టాటు గుండనే సాగును. నా మొదటి శీతకాలమున గుండ్రని అద్దపు మొగముగల యొకదానిని మోజుపడి కొంటిని. ఏ హీటరుకైనను పనికివచ్చునని అంగడి కుఱ్ఱవాడు సెలవిచ్చెను. బిగించుటకు మిత్రుని బావమఱది వచ్చెను. బెజవాడలో ఎన్నో యిండ్లకు వైరింగు చేసినవాడు. మనవద్ద ఎఱ్ఱతీగ ఫేజు, నల్లతీగ న్యూట్రలు గదా. ఇచ్చట నల్లనిదే ప్రాణముగల తీగ, 240 వోల్టుల హీటరునకు పోవు రెండు తీగలలో తెల్లనిదియు ప్రాణముగలదే. ఆయన టెస్టరు తాకించిన రెండింటను దీపము వెలిగెను. వెలుగగా ఆయన యేమనెననుకొంటిరి? "టెస్టరు పాడైనదండీ" అనెను! బ్రేకరు దించి బిగించి, మరల ఎత్తగానే టప్పుమని శబ్దమయ్యెను. అద్దపు మొగము నల్లబడి, కాలిన ప్లాస్టిక్ కంపు ఇల్లంతయు క్రమ్ముకొనెను. వెలుపల మైనస్ 22. పెట్టె విప్పినది గనుక అంగడివారు సొమ్ము తిరిగి యీయ నిరాకరించిరి.

కావున మరల చెప్పుచున్నాను: పెట్టెపై లైన్ వోల్టేజి యనియు 240 యనియు కనబడనిదే డబ్బు తీయకుడు. గోడలో రెండు తీగలున్నవో నాలుగున్నవో ముందు తెలిసికొనుడు, వై-ఫై రకములలో కొన్ని నాలుగు లేనిదే పనిచేయవు. గదిలోని హీటర్ల వాట్లు కూడుడు. 1500, 2000 కలిసి 3500 అయినచోట 3000 వాట్ల యంత్రము తగదు. స్నానపుగదిలోని చిన్న హీటరుకు మఱొక చిక్కు, కనీసపు వాట్లు లేనిదే కొన్ని ఎలక్ట్రానిక్ రకములు సరిగా నడువవు. బిగించుట లైసెన్సుగల ఎలక్ట్రీషియను పని. ఈ క్యూబెక్ రాష్ట్రమున చట్టమును అదియే. బావమఱదులను భోజనమునకు పిలువుడు, ఇరువది నాలుగుకు రెండువందల నలువదికి సంధి చేయుటకు పిలువకుడు.

గదికొక హీటరు, దానికొక థర్మోస్టాటు అగుటచే ఒకే యింట నాలుగు ఋతువులు నడచుచుండును. ఎవరి ఋతువులో వారు తలుపు మూసికొని కూర్చుందురు. మా యింట ధనుర్మాసపు తెల్లవాఱుజామున కుంపటి యొక్కటే యుండెడిది. చేతులు కాచుకొనవలెనన్న అలిగినవాడైనను వచ్చి అందఱి ప్రక్కన చేరక తప్పెడిది కాదు. ఇచ్చట అలుక యెంతకాలమైనను వెచ్చగా సాగును. వేసవిలో సందర్శక వీసాపై వచ్చి అక్టోబరు దాక నిలిచిన తల్లిదండ్రుల గదికి మాత్రము పెద్ద అంకెలు, రెండే మీటలు గలదానిని పెట్టుడు. కొడుకు తాళము వేసిన మీటను నొక్కి నొక్కి, శాలువ కప్పుకొని కూర్చున్న తండ్రులను నేనెఱుగుదును. సిగ్గులేని పొదుపు అది.

అద్దెయింటివారు యజమాని అనుమతిని వ్రాతమూలకముగా తీసికొనుడు. తీసివేసిన పాత థర్మోస్టాటును మరలతో సహా సంచిలో కట్టి, ఏ గదిదో పైన వ్రాసి దాచుడు. జులై 1న నగరము సగము ఇల్లు మాఱు వేళ, క్రొత్తది మీతో తీసికొనిపోవలెనన్న పాతది గోడకు తిరిగి చేరవలెను గదా. ఆ వారమున ఎలక్ట్రీషియను దొరకుట కష్టము, జూను మొదటనే పిలిచి రోజు ఖాయపఱచుకొనుడు.