మూటకట్టిన పెరుగు, ముక్కలు కోసిన పండు

సందేహాలు – సమాధానాలు

ప్రశ్న: చింతూరులో రోడ్డు పక్కన చిన్న హోటల్ నడుపుతున్నాం. భద్రాచలం వైపు నుంచీ, మారేడుమిల్లి ఘాట్ దిగీ వచ్చే టూరిస్టులు బొంగు చికెన్ తిన్నాక తీపి ఏముందని అడుగుతున్నారు. పండ్ల ముక్కలు, అద్దుకోవడానికి తియ్యటి క్రీము పెడదామని మా ఆలోచన. ఫ్రెష్ క్రీము ప్యాకెట్టు తెప్పించి ఎంత గిలక్కొట్టినా గట్టిపడలేదు. ఏం చెయ్యాలి?
– ఒక పాఠకురాలు, చింతూరు

జవాబు: తప్పు మీ చేతిది కాదమ్మా. ప్యాకెట్టు వెనక్కి తిప్పి చూడండి. మన దగ్గర దొరికే ఫ్రెష్ క్రీములో కొవ్వు సాధారణంగా 25 శాతం ఉంటుంది. గిలక్కొడితే పొంగి నిలబడాలంటే కనీసం 30, ఇంకా బాగా రావాలంటే 35 శాతం కావాలి. అలాంటి క్రీము వేరే దొరుకుతుంది కానీ దాన్ని ఐస్ మీదే తేవాలి, ఐస్ మీదే దాచాలి. కరెంటు పోయే ఊళ్లో రోడ్డు పక్కన హోటలుకు ఆ గోల ఎందుకు? పెరుగుతో చెయ్యండి.

కొవ్వు 6 శాతం ఉండే ఫుల్ క్రీమ్ పాలు గానీ, దొరికితే గేదె పాలు గానీ తీసుకోండి. 3 శాతం ఉండే టోన్డ్ పాలతోనూ అవుతుంది, కానీ నాలుకకు ఆ నునుపు తగలదు. పాలు బాగా మరగనిచ్చి, గోరువెచ్చగా ఉండగా తోడు పెట్టండి. పులుపెక్కక ముందే, తోడుకోగానే, తడిపి పిండిన పలచటి నూలు గుడ్డలో పోసి మూట కట్టండి. కింద గిన్నె పెట్టి మూటను వేలాడదీస్తే అయిదారు గంటల్లో నీళ్లు దిగిపోతాయి. కిలో పెరుగుకు ఇంచుమించు అరకిలో ముద్ద మిగులుతుంది. మే నెలలో మీ ఊరి ఎండకు మూట బయట వేలాడితే సాయంత్రానికి పుల్లగా అయిపోతుంది. అందుకని జల్లెడలో గుడ్డ పరిచి, పెరుగు పోసి, జల్లెడను గిన్నె మీద ఆనించి రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టండి. దిగిన నీళ్లు పారబోయకండి, చపాతీ పిండి కలపండి.

తీపికి పంచదార పొడి వేస్తే ముద్ద మళ్లీ జారవుతుంది. పంచదార పెరుగులోని తడిలో కరిగి పాకంలా మారుతుంది కదా. అందుకని నేను చిక్కగా కాచిన బెల్లం పాకమే, అదీ కొద్దిగానే, వాడమంటాను. వంద గ్రాముల బెల్లంలో మూడు నాలుగు చెంచాల నీళ్లు పోసి కరిగించి, వడకట్టండి. మన బెల్లంలో ఇసుక లేదని ఎవరూ ప్రమాణం చెయ్యలేరు. వడకట్టినదాన్ని మళ్లీ పొయ్యి మీద పెట్టి తేనెంత చిక్కగా అయ్యాక దించి, పూర్తిగా చల్లారనివ్వండి. వేడి పాకం పెరుగులో పడితే విరిగినట్టు పొరలు పొరలుగా అవుతుంది. అరకిలో ముద్దకు అయిదారు చెంచాల పాకం, చిటికెడు ఉప్పు, రెండు యాలకుల పొడి వేసి, కవ్వంతో కాకుండా గరిటె వెనకతో రుద్దండి. కవ్వం వేస్తే వెన్న విడిపోయే ప్రమాదం ఉంది. మీ దగ్గరున్న ఫ్రెష్ క్రీము ప్యాకెట్టు కూడా ఇక్కడ పనికొస్తుంది. రెండు చెంచాలు కలిపితే పులుపు తగ్గుతుంది.

పండ్ల ముక్కలు తడిగా ఉంటే క్రీము వాటికి అంటుకోదు. కోశాక శుభ్రమైన గుడ్డతో అద్దండి. జామ, గట్టిగా పండిన బంగినపల్లి, పనస తొనలు, అరటి బాగుంటాయి. చలికాలంలో లంబసింగి స్ట్రాబెర్రీలు దొరికితే వదలకండి. అరటి ముక్కలు నల్లబడకుండా పైన కాస్త నిమ్మరసం చిలకరించండి. క్రీమునూ ముక్కలనూ ముందే కలిపి పెట్టొద్దు. అడ్డాకు దొప్పలో క్రీము, పక్కన ఇంకో దొప్పలో ముక్కలు పెట్టండి. సరిగ్గా గట్టిపడిన క్రీము అడ్డాకు దొప్పలోంచి కారదు, మీకదే పరీక్ష. ఎండాకాలం గంటకు మించి బయట ఉన్న క్రీమును మళ్లీ ఫ్రిజ్‌లో పెట్టి ఇంకొకరికి వడ్డించకండి.

ప్రశ్న: డల్లస్‌లో ఉన్న మా అమ్మాయి క్రీమ్ చీజ్, మార్ష్‌మాలో ఫ్లఫ్ అనే డబ్బా సరుకు కలిపి అయిదు నిమిషాల్లో పండ్ల డిప్ చేస్తుంది. సెలవులకు వచ్చినప్పుడు మనవడు అదే కావాలంటాడు. మోతుగూడెంలో ఎలా చెయ్యను?
– ఒక అమ్మమ్మ, మోతుగూడెం

జవాబు: ఆ ఫ్లఫ్ 1917 ప్రాంతంలో మసాచుసెట్స్‌లోని సోమర్‌విల్‌లో పుట్టింది. మొక్కజొన్న పాకం, పంచదార, గుడ్డు తెల్లసొన పొడి, వెనిల్లా వాసన – అందులో ఉన్నది అంతే. మీ ఇంట్లో గుడ్డు తినకపోతే ఆ సంగతి గుర్తుంచుకోండి. క్రీమ్ చీజ్‌లో అమెరికా చట్టం ప్రకారం కనీసం 33 శాతం పాలకొవ్వు ఉండాలి. అందుకే దానికి అంత వెన్నలాంటి రుచి.

పైన చెప్పిన మూట పెరుగు రెండు వంతులు, ఆ రోజే విరగ్గొట్టిన మెత్తటి పన్నీరు ఒక వంతు, ఉప్పులేని వెన్న ఒక చెంచా మిక్సీలో వేసి నున్నగా తిప్పండి. పలుకు తగలకూడదు. తీపికి పంచదార పొడి, వాసనకు వెనిల్లా. గట్టి పెరుగే కాబట్టి కాస్త జారైనా ఫర్వాలేదు, గంటసేపు ఫ్రిజ్‌లో ఉంటే బిగుసుకుంటుంది. అచ్చం డల్లస్ రుచి రాదని మనవడికి ముందే చెప్పండి. మరాఠీ, గుజరాతీ ఇళ్లలో చేసే శ్రీఖండ్‌కు దగ్గరగా ఉంటుంది. నన్నడిగితే అదే మెరుగు.

ప్రశ్న: అనాస ముక్కలు పెరుగు క్రీములో కలిపి ఉదయం ఫ్రిజ్‌లో పెట్టాను. మధ్యాహ్నానికి నీళ్లు తేలి, చేదెక్కింది. పాలు మంచివే. పండూ మంచిదే.
– ఒక హాస్టల్ ఉద్యోగిని, రంపచోడవరం

జవాబు: రెండూ మంచివే, కలిపి నిలవ ఉంచడమే చెడ్డది. వేడి చెయ్యని అనాసలో బ్రొమిలైన్ అనే ఎంజైము ఉంటుంది. అది మాంసకృత్తులను ముక్కలు చేస్తుంది. అనాస ఎక్కువ తింటే నాలుక మండేదీ చాలావరకు దీనివల్లే. పెరుగులోని మాంసకృత్తులు విరిగితే పట్టు పోయి నీళ్లు వదులుతాయి. విరిగిన ముక్కల్లో కొన్ని చేదుగా ఉంటాయి. మీరు చూసింది అదే. అద్దుకుని వెంటనే తింటే ఈ బాధ లేదు, ఎంజైముకు అంత వ్యవధి దొరకదు.

కలిపే పెట్టాలనుకుంటే ముక్కలను మూకుట్లో వేసి, లోపలిదాకా వేడెక్కి ఆవిరి వచ్చేవరకు మూడు నాలుగు నిమిషాలు తిప్పండి. వేడికి ఎంజైము చచ్చిపోతుంది. చల్లార్చి, ఊరిన రసం వంపేసి కలపండి. డబ్బా అనాసతో ఈ తిప్పలు ఉండవు, డబ్బాలో పెట్టేటప్పుడే వేడి చేసి ఉంటారు. కివీతోనూ ఇదే జాగ్రత్త. బొప్పాయిలో ఆ గుణం కాయగా ఉన్నప్పుడు ఎక్కువ, బాగా పండాక చాలా తక్కువ.

ప్రశ్న: సీతాఫలం గుజ్జుతో డిప్ చెయ్యవచ్చా? పాలలో ఉడికిస్తే చేదొచ్చింది.
– ఒక పాఠకుడు, కూనవరం

జవాబు: సీతాఫలాన్ని పొయ్యి ఎక్కించకండి. వేడి తగిలితే గుజ్జు చేదెక్కుతుంది, రంగూ మారుతుంది. పాలు విడిగా చిక్కగా కాచి, పూర్తిగా చల్లార్చి, అప్పుడు గుజ్జు కలపండి. మూట పెరుగులో నేరుగా కలిపినా సరే. బెల్లం కూడా అక్కర్లేదు. ఆ పండు అద్దుకోవడానికి నిలబడదు కనుక దాన్నే క్రీము చేసి, జామ ముక్కలతో అద్దుకోండి.

గింజలు మాత్రం చేత్తో తీయండి. గుజ్జును గింజలతో సహా మిక్సీలో తిప్పే వాళ్లున్నారు. ఆ గింజలు విషం. పేలకు నూరి రాసేది వాటినే, ఆ పొడి కంట్లో పడితే కన్ను దెబ్బతింటుంది. గింజలున్న గుజ్జును జల్లెడలో వేసి వేళ్లతో రుద్దండి, అంతకు మించిన యంత్రం వద్దు.

ప్రశ్న: మా కోయ ఊళ్లో ఆవులున్నా పాలు పితికే ఇళ్లు తక్కువ. ఆ పాలు దూడవంటారు మా పెద్దలు. పాలు లేకుండా ఈ క్రీము అవుతుందా? మాకు జీడిమామిడి తోట ఉంది.
– ఒక యువతి, చింతూరు మండలం

జవాబు: తోట ఉందంటే సగం పని అయినట్టే. విరగని పప్పు అమ్ముకోండి, ముక్కలు ఇంట్లో ఉంచుకోండి, రుచిలో తేడా లేదు. ఒక గ్లాసు జీడిపప్పు ముక్కలను గంటసేపు వేడినీళ్లలో నానబెట్టి, నీళ్లు వంపి, కొత్త నీళ్లు కొద్దికొద్దిగా పోస్తూ వెన్నలా రుబ్బండి. అరగ్లాసు నీళ్లు దాటొద్దు. అందులో నాలుగు చెంచాల బెల్లం పాకం, ఒక చిన్న చెంచా నిమ్మరసం, చిటికెడు ఉప్పు. నిమ్మరసం లేకపోతే రుచి మొద్దుగా ఉంటుంది. పైన వేయించిన సారపప్పు చల్లండి. మీ అడవిలో దొరికే సారపప్పును పట్నంలో చాలా ఖరీదు పెట్టి కొంటారు, ఇంటి పిల్లలకు కూడా కాస్త మిగల్చండి. పాలు లేవు కదా, విరగదులే అని అనాసతో కలిపి నిలవ పెట్టకండి, జీడిపప్పులోనూ మాంసకృత్తులుంటాయి.

పచ్చి జీడిగింజలను ఇంట్లో పగలగొట్టి పప్పు తీయొద్దు. పెంకులోని జీడి చర్మాన్ని బొబ్బలెక్కిస్తుంది. జీడిపప్పు ఒలిచే యూనిట్‌లో తీసిన పప్పే వాడండి.

ప్రశ్న: జీలుగు చెట్టు నీరాతో కాచిన బెల్లం తెచ్చుకున్నాం. పండ్ల క్రీములోకి పనికొస్తుందా, వాసన ఎక్కువవుతుందా?
– ఒక పాఠకురాలు, మారేడుమిల్లి

జవాబు: పనికొస్తుందా అని అడుగుతున్నారు, శ్రీలంకలో దానికోసమే పెరుగు తింటారమ్మా. మన జీలుగు చెట్టునే వాళ్లు కితుల్ అంటారు. దాని నీరాను చిక్కటి పాకంగా కాచి, గేదె పెరుగు మీద పోసుకుని తినడం అక్కడ ఇంటింటి అలవాటు. ఆ పెరుగును మట్టి కుండల్లో తోడు పెట్టి, కుండతో సహా అమ్ముతారు. మట్టి పెరుగులోని నీటిని కొంత పీల్చేస్తుంది కాబట్టి గుడ్డ మూట అవసరం లేకుండానే గట్టిపడుతుంది. మీరూ కొత్త మట్టి ముంతను కడిగి, ఎండబెట్టి, అందులో తోడు పెట్టి చూడండి.

మన ఏజెన్సీలో జీలుగు అంటే కల్లే గుర్తొస్తుంది. గీసిన నీరా గంటల్లో పులవడం మొదలుపెడుతుంది. కుండ లోపల సున్నం పూసి దించి, వెంటనే కాస్తేనే బెల్లం. పందిరిమామిడి ఉద్యాన పరిశోధన కేంద్రంలో ఈ చెట్ల నీరా మీదా బెల్లం మీదా పని చేశారు, ఆసక్తి ఉంటే వెళ్లి కనుక్కోండి.

ఆ బెల్లానికి కాస్త పొగ వాసన, లోపల చిరుచేదు ఉంటాయి. చెరకు బెల్లం వేసే చోట మూడో వంతు తగ్గించి మొదలుపెట్టండి. యాలకులు వెయ్యొద్దు, రెండు వాసనలు పోట్లాడుకుంటాయి. అరటికి, పనసకు బాగా కుదురుతుంది. స్ట్రాబెర్రీకి కుదరదు.

ప్రశ్న: బెల్లానికి బదులు అడవి తేనె కలిపి తొమ్మిది నెలల పాపకు పెట్టవచ్చా?
– ఒక తల్లి, చింతూరు

జవాబు: వద్దు. ఏడాది నిండేవరకు పసిపిల్లలకు తేనె నాకించనే వద్దు. అందులో ఉండగల ఒక రకం సూక్ష్మజీవి బీజాలు వాళ్ల పేగుల్లో మొలకెత్తి, ఒళ్లు చచ్చుబడే జబ్బు తెస్తాయి. తేనె గిరిజన సహకార సంస్థ సీసాదైనా, చెట్టు మీద నుంచి అప్పుడే తీసినదైనా ఒకటే, కాచినా ఆ బీజాలు చావవు. పాపకు బాగా పండిన అరటిపండు మెదిపి, రెండు చెంచాల తాజా పెరుగు కలిపి పెట్టండి. తీపి అరటిపండుదే సరిపోతుంది.