తాళంచెవి పెట్టెలోనే ఉండిపోతే?

మీ బడి గేటు దగ్గర ఒక కొత్త నియమం పెట్టారనుకుందాం. వచ్చిన ప్రతివారి పేరూ ఆఫీసు గదిలోని పెద్ద రిజిస్టరులో చూసిగాని వాచ్‌మన్ లోపలికి వదలడు. ఒకరోజు ఆ ఆఫీసు తాళం బిగుసుకుపోయింది. తరగతి గదులు బాగానే ఉన్నాయి, మేష్టర్లు వచ్చారు, పిల్లలూ వచ్చారు. కాని ఒక్కరూ లోపలికి పోలేరు. సరే, తాళం బాగుచేసేవాణ్ణి పిలిచారు. అతని పేరు కూడా రిజిస్టరులో చూడాలంటాడు వాచ్‌మన్!

నవ్వు వస్తోంది కదూ? కాని పెద్ద పెద్ద కంప్యూటరు కేంద్రాలలో ఇటువంటిదే జరుగుతుంది. 2020 డిసెంబరు 14న, మన దేశంలో సాయంత్రం అయిదుంబావు దాటిన వేళ, ప్రపంచమంతటా గూగుల్ ఖాతాలు తెరుచుకోలేదు. దాదాపు 50 నిమిషాలు జీమెయిల్ లేదు, పాఠాలు చెప్పే క్లాస్‌రూమ్ లేదు. చిత్రమేమిటంటే, లాగిన్ కాకుండా యూట్యూబ్ చూసినవారికి వీడియోలు వచ్చాయి! అంటే యంత్రాలు చెడిపోలేదు. 'ఈయన ఎవరు?' అన్న ప్రశ్నకు జవాబు చెప్పే కేంద్ర వ్యవస్థ ఒక్కటే దెబ్బతిన్నది. దాని వాడకం సున్నా అని మరొక యంత్రం తప్పుగా లెక్కగట్టి, దానికి ఇచ్చే చోటును తగ్గించివేసింది. అదీ కారణం.

కేంద్ర పట్టిక ఎందుకు?

పూర్వం యూనిక్స్ కంప్యూటర్లలో ప్రతి యంత్రమూ తన వాడకందార్ల పేర్లను తన ఫైలులోనే ఉంచుకునేది. యంత్రాలు రెండు మూడయితే ఇబ్బంది లేదు. వంద సర్వర్లుంటే? ఒక ఉద్యోగి మానివేసినప్పుడు వంద చోట్ల అతని పేరు కొట్టివేయాలి. ఒక్కచోట మరిచినా ఆ తలుపు తెరిచే ఉంటుంది. అందుకే పేర్లన్నీ ఒకే చోట ఉంచారు. దీనినే డైరెక్టరీ అంటారు. సర్వర్లు దానితో మాట్లాడే పద్ధతులలో ప్రసిద్ధమైనది ఎల్‌డాప్. ఇది 1993లో అమెరికాలోని మిచిగన్ విశ్వవిద్యాలయంలో రూపొందింది.

సౌకర్యం పెరిగింది. దానితోపాటు అందరి తలుపులూ ఒకే మేకుకు వేలాడసాగాయి. ఆ మేకు ఊడిపోయినా తలుపులు తెరుచుకోవాలంటే ఏం చెయ్యాలి? మూడు ఉపాయాలున్నాయి.

మొదటిది: నకళ్లు. డైరెక్టరీని రెండు మూడు యంత్రాలలో, వేరువేరు చోట్ల ఉంచుతారు. ఒకటి పలకకపోతే సర్వరు రెండవదానిని అడుగుతుంది. కాని అసలులో తప్పు దొర్లితే ఆ తప్పు కూడా నకళ్లన్నిటిలోకీ పోతుంది. కనుక ఇదొక్కటే చాలదు.

రెండవది: జ్ఞాపకం. నిన్న లాగిన్ అయినవారి వివరాలను సర్వరు తన దగ్గర దాచుకుంటుంది. పాస్‌వర్డునే దాచుకుంటే దొంగ చేతికి చిక్కదా? అందుకని దానిని గణితంతో 'పిండి' చేసి దాస్తారు. బియ్యం నుంచి పిండి వస్తుంది గాని, పిండి నుంచి బియ్యం రావు కదా! మీరు మళ్లీ పాస్‌వర్డు కొట్టినప్పుడు దానినీ అలాగే పిండిచేసి, రెండు పిండులూ ఒకటేనా అని చూస్తుంది. మామూలుగా విండోస్ యంత్రాలు చివరగా వచ్చిన 10 మందిని ఇలా గుర్తుంచుకుంటాయి. అయితే ఇందులో రెండు లోపాలున్నాయి. ఆ యంత్రానికి ఎన్నడూ రానివారు దానికి గుర్తుండరు. నిన్ననే ఉద్యోగం మానినవారు మాత్రం గుర్తుంటారు! అందుకే ఈ జ్ఞాపకానికి ఇన్ని రోజులని గడువు పెడతారు.

మూడవది: ఆపద్ధర్మ ఖాతా. ప్రతి సర్వరులోనూ డైరెక్టరీతో సంబంధం లేని ఖాతా ఒకటి ఉంచుతారు. దాని పొడవాటి పాస్‌వర్డును కాగితంపై రాసి, కవరులో పెట్టి, సీలువేసి బీరువాలో భద్రపరుస్తారు. ఒకసారి వాడితే దానిని మార్చివేయాలి. ఇక్కడొక మెలకువ ఉంది. సర్వరు ముందు తన సొంత ఫైలు చూసుకుని, ఆ తరువాతనే డైరెక్టరీని అడగాలి. ముందు డైరెక్టరీని అడిగితే, రాని జవాబు కోసం ఎదురుచూస్తూ ఈ ఖాతాను కూడా గుమ్మంలోనే నిలబెడుతుంది.

బాగుచేసేవాని దారి

2021 అక్టోబరు 4న ఫేస్‌బుక్ సుమారు ఆరు గంటలు ఆగిపోయింది. అక్కడ చెడినది లాగిన్ పట్టిక కాదు. నెట్‌వర్కు తెగిపోయి, కంప్యూటరు పేరు చెబితే చిరునామా చెప్పే వేరొక పట్టిక అందకుండా పోయింది. లోపాన్ని సరిచేసే పనిముట్లలో చాలా భాగం కూడా దానిమీదనే ఆధారపడి ఉన్నాయి! ఇంజనీర్లు స్వయంగా యంత్రాలున్న భవనాలకు పోవలసివచ్చింది. అక్కడి కట్టుదిట్టాల వల్ల లోపలికి పోవడానికీ సమయం పట్టింది.

దీనినుంచి మనం నేర్చుకోవలసింది ఒక్కటే. చెడిన వస్తువును బాగుచేసే దారి ఆ వస్తువు మీదుగా పోకూడదు. సీలువేసిన కవరు ఉన్న గదికి డైరెక్టరీని అడిగి తెరుచుకునే తాళం వేశామనుకోండి, కవరు ఉండీ లేనట్టే.

ఇంకొక మాట. నూతిలో పడినవాణ్ణి తీసే తాడు గట్టిదో కాదో అతను పడ్డాక చూసుకోకూడదు. తెలిసినవారు ముందే ఒక పరీక్ష సర్వరుకు డైరెక్టరీ సంబంధం కావాలని తెంచి, లోపలికి పోగలుగుతున్నామా అని చూసుకుంటారు.

ఆలోచించండి

1. గుర్తుంచుకునే గడువు ఒక రోజే పెడితే వచ్చే చిక్కు ఏమిటి? ఏడాది పెడితే?

2. ఆస్పత్రి సర్వరుకూ బ్యాంకు సర్వరుకూ ఒకే గడువు పనికివస్తుందా? ఎందుకు?

3. మీ ఇంట్లో తాళంచెవి పోతే లోపలికి పోయే రెండవ దారి ఏది? అది దొంగకు కూడా దారి అవుతుందా?