ఊడలు దిగే వేళ

అనంతపురంలో ఎవరి పిల్లవాడైనా ఎంఎస్‌కు అమెరికా వెళ్తున్నాడంటే ముందు వినిపించే పేరు మైక్రోసాఫ్ట్ సత్య నాదెళ్ల. తండ్రి యుగంధర్‌ది మన బుక్కాపురమే కదా, కొడుకు మిల్వాకీలో 1990లో ఎంఎస్ పూర్తి చేశాడు, నీకేం తక్కువ అంటారు. నిజమే. కానీ యుగంధర్ ఐఏఎస్ అధికారి. బోరు ఎండిపోయి, ఇంటి కాగితాలు బ్యాంకులో పెట్టి కొడుకును పంపే రైతు ఇంటికి ఆ ఉదాహరణ సగమే అతుకుతుంది.

ఆ పిల్లవాడికి శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు దగ్గరివాడు. 1895లో భీమవరంలో పుట్టాడు. మెట్రిక్యులేషన్ గట్టెక్కింది మూడోసారికి. మద్రాసులో వైద్యం చదివి, మామగారి డబ్బూ ఒక ధర్మసంస్థ సాయమూ పట్టుకుని బోస్టన్ చేరాడు. అక్కడి ఆసుపత్రిలో రాత్రిళ్లు రోగుల మలమూత్రాల పాత్రలు కడిగాడు. 1925లో సైరస్ ఫిస్కేతో కలిసి ఫాస్ఫరస్ కొలిచే పద్ధతిని ప్రకటించాడు. 1930లో హార్వర్డ్ పీహెచ్‌డీ వచ్చింది.

ఈ కథలో సుబ్బారావు పాత్రలు కడిగిన సంగతే మనవాళ్లు పదేపదే చెబుతారు. నాకు ముఖ్యంగా కనిపించేది ఫిస్కే. సుబ్బారావు గదిలో ఒంటరిగా కూర్చుని కుస్తీ పట్టలేదు, ప్రయోగశాలలో ఒక గురువు పక్కన చోటు సంపాదించుకున్నాడు. చదువు మధ్యలో ఆగిపోవడానికి తెలివితక్కువ ఒక్కటే కారణం కాదనీ, చదువుతోనూ చుట్టూ ఉన్న మనుషులతోనూ కలవలేకపోవడం పెద్ద కారణమనీ అమెరికా పండితుడు విన్సెంట్ టింటో 1975లో రాశాడు.

2023-24లో అమెరికాలో విద్యార్థుల లెక్కలో ఉన్న భారతీయులు 3.31 లక్షలు, అందులో పీజీ, పీహెచ్‌డీల వాళ్లే దాదాపు 1.97 లక్షలు. కాబట్టి ఇప్పుడు వెళ్లడం వింతేమీ కాదు. నిలవడమే అసలు పని.

శెనక్కాయ చేను తెలిసినవాళ్లకు ఒక్క మాట చాలు. ఊడలు దిగే వేళ నేలలో తడి లేకపోతే చెట్టు పచ్చగానే ఉంటుంది, పీకి చూస్తే కాయ ఉండదు. మొదటి సెమిస్టర్‌లో తొలి వారాలు ఆ వేళ. అప్పుడు సిగ్గుపడి మూల కూర్చుంటే డిసెంబర్‌లో ఎంత ఏడ్చినా లాభం లేదు.

ప్రొఫెసర్లు వారంలో కొన్ని గంటలు విద్యార్థుల కోసమే ఆఫీసులో కూర్చుంటారు. వెళ్లండి. ఉత్త చేతులతో వెళ్లి 'ఏమీ అర్థం కాలేదు సార్' అంటే ఆయనకు మాత్రం ఏం తోస్తుంది? సగం చేసిన లెక్క కాగితం పట్టుకెళ్లి, 'మూడో మెట్టు దాకా వచ్చాను, ఇక్కడ ఆగిపోయాను' అని వేలు పెట్టి చూపండి. రెండోసారి వెళ్లేసరికి మీ పేరు ఆయనకు గుర్తుంటుంది. రేపు సిఫార్సు లేఖ రాయాల్సిందీ ఆయనే.

సీనియర్ రికార్డు చూసి ఎక్కించే అలవాటును ఎయిర్‌పోర్టులోనే వదిలేయండి. అక్కడ అది దొంగతనం కింద లెక్క, సీటే పోవచ్చు. చాలాచోట్ల పీజీలో జీపీఏ 3.0 కంటే తగ్గితే ప్రొబేషన్. ఒక సబ్జెక్టు మోయలేక వదిలేయాలనిపిస్తే ముందు అంతర్జాతీయ విద్యార్థుల ఆఫీసును అడగండి. చెప్పకుండా వదిలి ఫుల్‌టైమ్ కంటే తగ్గితే వీసాకే ఎసరు. సుబ్బారావు పేరు చెప్పుకుని పెట్రోల్ బంకులో దొంగచాటు నైట్ డ్యూటీలు చేయకండి. తరగతులు నడిచే రోజుల్లో క్యాంపస్ లోపల వారానికి 20 గంటలే హద్దు.

నలుగురు తెలుగువాళ్లు ఒకే ఇంట్లో ఉండి ఉగ్గాణి చేసుకు తినండి, దానికేం. గ్రూప్ ప్రాజెక్టుకు మాత్రం వేరే దేశం వాళ్ల పక్కన కూర్చోండి.

ఇంటి దగ్గరున్న అమ్మానాయనలకూ ఒక మాట. అప్పు సంగతి వాడికి తెలుసు, మీరు గుర్తు చేయక్కర్లేదు. ఆదివారం ఫోన్‌లో 'ఎన్ని డాలర్లొస్తాండాయి' అని కాకుండా, 'ఈ వారం ఏ సార్‌ను కలిసినావు నాయనా' అని అడగండి.